ఓట్లతో గెలిచినవాళ్ల వల్ల ప్రజాస్వామ్యానికి ముప్పు ఎలా వస్తుంది? రైట్‌వింగ్ పాపులిజం మీద వివరాలు కావాలి

#1 వేపచెట్టు
ఎక్కడ చూసినా ఒకటే మాట. రైట్‌వింగ్ పాపులిజం పెరుగుతోంది, ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉంది అని. వ్యాసాలు తిరగేస్తే పెద్ద పెద్ద మాటలే తప్ప లోపల సరుకు కనపడట్లేదు. హంగరీలో ఓర్బాన్ 2010, 2014, 2018, 2022 వరసగా గెలిచాడు. 2022లో అయితే 54 శాతం ఓట్లు. ట్యాంకులు దించలేదు, పార్లమెంటు మూసెయ్యలేదు. సగం పైచిలుకు జనం కావాలనుకున్న మనిషిని ప్రజాస్వామ్యానికి శత్రువంటే, ఆ జనాన్నే అన్నట్టు కదా? తిట్లు వద్దు, భజన కూడా వద్దు. ఏ చట్టం, ఏ ఏడాది, ఏం మార్చారు, దానివల్ల ఏం పోయింది, ఇవి తెలిసినవాళ్లు చెప్పండి.

#2 లెక్కల_మాస్టారు
2022 దగ్గర మొదలుపెడితే అర్థం కాదండీ, 2010కి వెళ్లాలి. ఆ ఏప్రిల్‌లో ఓర్బాన్ పార్టీ ఫిదెస్ కూటమికి ఓట్లు సుమారు 53 శాతం. సీట్లు 386లో 263, అంటే 68 శాతం. అక్కడ ఉన్నది ఒకే సభ. రాజ్యాంగం మార్చడానికి మూడింట రెండొంతులు చాలు, రిఫరెండం అక్కర్లేదు.

ఒక అడ్డుకట్ట ఉండేది. కొత్త రాజ్యాంగం రాసే పద్ధతిని ఐదింట నాలుగొంతుల మెజారిటీతోనే ఖరారు చెయ్యాలని 1995లో పెట్టుకున్నారు. కానీ ఆ నిబంధనను తీసెయ్యడానికి మాత్రం మూడింట రెండొంతులు సరిపోతాయి. 2010 జులైలో తీసేశారు. 2011 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగం పాసయింది. సోషలిస్టులు, గ్రీన్లు ఓటింగు బహిష్కరించారు, జోబిక్ అనే అతివాద జాతీయవాద పార్టీ వ్యతిరేకంగా వేసింది. 2012 జనవరి 1 నుంచి అమలు. అంతా చట్టప్రకారమే జరిగింది. మీ ప్రశ్నకు జవాబు ఆ "చట్టప్రకారమే"లో ఉంది.

#3 తోకచుక్క
అడ్డుకట్టను కాపాడటానికి ఇంకో అడ్డుకట్ట పెట్టుకోలేదన్నమాట. ఈ సంగతి చాలామందికి తెలీదు.

#4 రాజ్యాంగ_పాఠకుడు
మాస్టారు చెప్పినదానికి కోర్టుల కథ కలుపుతాను, అసలు పని అక్కడే జరిగింది.

ముందు రాజ్యాంగ న్యాయస్థానం. పాత పద్ధతిలో జడ్జీల పేర్లు ప్రతిపాదించే కమిటీలో పార్లమెంటులో ఉన్న ప్రతి పార్టీకీ ఒక్కో సభ్యుడు. కాబట్టి ప్రతిపక్షం ఒప్పుకోకపోతే పేరు ముందుకే పోదు. 2010లో ఆ కమిటీని సీట్ల దామాషాకి మార్చారు. ప్రతిపాదించేదీ తామే, ఎన్నుకునేదీ తామే అయింది. ఆ మరుసటి ఏడాది జడ్జీల సంఖ్య 11 నుంచి 15కి పెంచారు.

మధ్యలో ఒక సంగతి జరిగింది. ప్రభుత్వోద్యోగం వదిలివెళ్లేవాళ్లకిచ్చే పెద్ద మొత్తాల మీద వెనక తేదీ నుంచి 98 శాతం పన్ను వేశారు. కోర్టు కొట్టేసింది. వెంటనే కోర్టు అధికారాన్నే కత్తిరించారు, తర్వాత కొత్త రాజ్యాంగంలో ఇలా రాశారు: దేశ అప్పు జీడీపీలో సగం కన్నా ఎక్కువ ఉన్నంత కాలం బడ్జెట్, పన్ను చట్టాల్లో చాలావాటిని ఆ కోర్టు కొట్టెయ్యకూడదు. అప్పు అప్పటికే సగం దాటి ఉంది.

తర్వాత మామూలు కోర్టులు. జడ్జీల రిటైర్మెంటు వయసు ఒక్కసారిగా 70 నుంచి 62కి దించారు. ఎవర్నీ పేరు పెట్టి తీసెయ్యలేదు. అనుభవం ఉన్న పై వరస మొత్తం ఇంటికి పోయింది. కోర్టుల అధ్యక్షులు ఎక్కువమంది ఆ వయసువాళ్లే. 2012 నవంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇది వయో వివక్ష అని తీర్పిచ్చింది. పరిహారం ఇచ్చారు, కొందరు వెనక్కి వచ్చారు కూడా. కానీ అధ్యక్ష స్థానాల్లో అప్పటికే కొత్తవాళ్లు కూర్చున్నారు. గెలిచినా కుర్చీ దక్కలేదు.

#5 పాత_పేపర్
మీడియా సంగతి కూడా అంతే. ఎవర్నీ జైల్లో పెట్టలేదు. మూడు పనులు చేశారు.

లైసెన్సులు చూసే మీడియా కౌన్సిల్‌లో ఐదుగురూ ఫిదెస్ పెట్టినవాళ్లే, పదవీకాలం తొమ్మిదేళ్లు. ప్రభుత్వాన్ని విమర్శించే క్లుబ్‌రాడియో అనే స్టేషన్ కాగితాలు సమర్పించడంలో ఆలస్యం లాంటి చిన్న తప్పులు చేసిందని లైసెన్సు పొడిగించలేదు. 2021 ఫిబ్రవరిలో ఎఫ్ఎం నుంచి పోయి ఇంటర్నెట్‌కే పరిమితమైంది.

రెండోది ప్రకటనలు. ప్రభుత్వమే దేశంలో పెద్ద ప్రకటనదారు అయినప్పుడు డబ్బు ఎటు పోస్తే ఆ పత్రిక బతుకుతుంది. ప్రైవేటు కంపెనీలూ ప్రభుత్వ కాంట్రాక్టుల భయంతో అటే వెళ్తాయి. నిషేధం అవసరమే రాదు.

మూడోది యాజమాన్యం. 2018 నవంబరులో ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న యజమానులు 400కు పైగా పత్రికలు, చానళ్లు, వెబ్‌సైట్లను ఒక ఫౌండేషన్‌కి ఊరికే ఇచ్చేశారు. కోట్ల ఆస్తి ఎవరైనా ఊరికే ఇస్తారా? పోటీ చట్టం కింద విచారణ రావాలి. దాన్ని "జాతీయ వ్యూహాత్మక ప్రాముఖ్యం" అని ప్రకటించి విచారణ లేకుండా చేశారు. అంతకు రెండేళ్ల ముందే, 2016 అక్టోబరులో, ప్రభుత్వాన్ని విమర్శించే నెప్‌సబద్‌షాగ్ అనే పెద్ద దినపత్రిక ఒక శనివారం ఉన్నట్టుండి ఆగిపోయింది. నష్టాలు అన్నారు.

#6 వేపచెట్టు
ఇది నాకు కావాల్సిన వివరం, థాంక్స్. కానీ ప్రశ్న అలాగే ఉంది. కోర్టులు మార్చారు, పేపర్లు కొన్నారు. జనానికి నచ్చకపోతే నాలుగేళ్లకోసారి ఓడించొచ్చు కదా?

#7 లెక్కల_మాస్టారు
ఓడించే దారిని కూడా సరిచేసుకున్నారు. సీట్లు 386 నుంచి 199కి తగ్గించారు: 106 నియోజకవర్గాలు, 93 జాబితా సీట్లు. రెండు రౌండ్ల పోలింగు తీసేసి ఒకే రౌండు పెట్టారు. ప్రతిపక్షం ముక్కలుగా ఉంటే మొదటి రౌండులో విడిగా పోటీ చేసి రెండో రౌండులో ఒక్కటయ్యే అవకాశం పోయింది. నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీసి చట్టంలోనే రాసేశారు.

అన్నిటికన్నా విచిత్రం జాబితా లెక్క. ఇలాంటి మిశ్రమ పద్ధతుల్లో ఓడిపోయిన అభ్యర్థుల ఓట్లు వృథా కాకుండా వాళ్ల పార్టీ జాబితాకి కలుపుతారు. హంగరీలో గెలిచినవాడి మిగులు ఓట్లు కూడా కలుపుతారు. ఉదాహరణకి ఒక చోట ఎ కి 20,000, బి కి 15,000, సి కి 10,000 వచ్చాయనుకోండి. బి జాబితాకి 15,000, సి జాబితాకి 10,000 వెళ్తాయి. ఎ గెలవడానికి 15,001 చాలు కాబట్టి మిగిలిన 4,999 ఎ జాబితాకి. సీటు గెలిచాడు, మళ్లీ పరిహారమూ వాడికే.

ఫలితం చూడండి. 2014లో ఫిదెస్‌కి సుమారు 45 శాతం ఓట్లు, 199లో 133 సీట్లు. మూడింట రెండొంతులంటే సరిగ్గా 133. ఆ మిగులు లెక్క లేకపోతే ఆ గీత దాటేవాళ్లు కాదు. 2015 ఫిబ్రవరిలో వెస్‌ప్రేమ్ ఉప ఎన్నికలో ఒక్క సీటు ఓడిపోగానే ఆ మెజారిటీ పోయింది. 2018లో 49 శాతంతో మళ్లీ అదే 133.

#8 మిరపకాయ్
ఇక్కడ నేను ఒప్పుకోను మాస్టారూ. 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ 34 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు తీసుకుంది. హంగరీ కన్నా ఘోరమైన తేడా. అదే ఎన్నికలో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు, 5 సీట్లు. అప్పుడెవరూ ప్రజాస్వామ్యం చచ్చిపోయిందనలేదు. ఓర్బాన్ చేస్తే దొంగలెక్క, మిగతావాళ్లు చేస్తే సంప్రదాయమా?

#9 రాజ్యాంగ_పాఠకుడు
మంచి ప్రశ్న, కొట్టిపారెయ్యకూడదు. బ్రిటన్ పద్ధతి అన్యాయమే, నేను సమర్థించను. రెండు తేడాలు మాత్రం ఉన్నాయి.

ఆ నియమం లేబర్ గెలిచాక లేబర్ రాసుకున్నది కాదు. ఒకసారి ఇటు లాభం, ఒకసారి అటు లాభం. హంగరీలో గెలిచినవాళ్లు ప్రత్యర్థి సంతకం లేకుండా తమ కొలతలకి కుట్టుకున్నారు.

రెండోది ఇంకా ముఖ్యం. బ్రిటన్‌లో 411 సీట్లతో చేసిన చట్టాన్ని రేపు 326 సీట్లవాళ్లు రద్దు చెయ్యొచ్చు. హంగరీలో "కార్డినల్ చట్టాలు" అని ఒక జాబితా ఉంది: ఎన్నికలు, కోర్టులు, మీడియా, కుటుంబం, పన్నుల్లో కొంత భాగం. వీటిని మార్చాలంటే మూడింట రెండొంతులు కావాలి. దానికి తోడు చీఫ్ ప్రాసిక్యూటర్, మీడియా కౌన్సిల్, కోర్టుల పరిపాలనా కార్యాలయం, అన్నీ తొమ్మిదేళ్ల పదవులు. కొత్తవాళ్లను ఎన్నుకోకపోతే చీఫ్ ప్రాసిక్యూటర్ లాంటి పాతవాళ్లే కొనసాగుతారు. మామూలు మెజారిటీతో గెలిచిన తర్వాతి ప్రభుత్వం కుర్చీలో కూర్చుంటుంది, తాళంచెవులు మాత్రం దొరకవు. వేపచెట్టు గారు అడిగిన ముప్పు ఇదేనని నా అభిప్రాయం. ఓటు ఉంటుంది, ఓటుకి పని ఉండదు.

#10 కృష్ణవేణి_ఎం
ఇదంతా రైట్‌వింగ్ ఖాతాలోనే ఎందుకు రాస్తున్నారు? వెనిజులాలో చావెజ్ 2004లో సుప్రీం కోర్టు జడ్జీలను 20 నుంచి 32కి పెంచి తనవాళ్లతో నింపాడు. హంగరీ కన్నా ఆరేడేళ్ల ముందే. వామపక్షం చేస్తే విప్లవం, వీళ్లు చేస్తే నియంతృత్వం అనడం సరికాదు.

#11 నిలువుటద్దం
కృష్ణవేణి గారు, పనిముట్లు ఒకటే, నిజం. ఆ పన్నెండు కుర్చీల సంగతి ఎవరూ మరచిపోకూడదు. చివరికి ఆ దేశం ఎక్కడ తేలిందో చూశాం.

పాపులిజం అంటే నా దృష్టిలో జనానికి నచ్చే పథకాలు పెట్టడం కాదు. "అసలైన జనం" అని ఒకరున్నారు, వాళ్ల గొంతు నేనొక్కడినే, నాకు ఎదురు నిలిచినవాడు జనానికి ఎదురు నిలిచినవాడు, అనడం. వామపక్ష పాపులిస్టుకి ఆ అసలు జనం పేదలు, బయటివాళ్లు ధనికులు. రైట్‌వింగ్ పాపులిస్టుకి అసలు జనం పుట్టుకతో, మతంతో, జాతితో తేలతారు. అందుకే వలసవచ్చినవాళ్లు, మైనారిటీలు, వాళ్లకు సాయపడే సంఘాలు మొదటి గురి అవుతాయి. హంగరీలో 2018లో "స్టాప్ సోరోస్" (సోరోస్ అంటే అలాంటి సంఘాలకి డబ్బిచ్చే కోటీశ్వరుడు) అని చట్టం తెచ్చి, ఆశ్రయం కోరేవాళ్లకి దరఖాస్తు పనిలో సాయం చెయ్యడాన్నే నేరం చేశారు. 2021లో యూరోపియన్ కోర్టు అది చెల్లదంది. ధనికుడు రేపు పేదవాడు కావచ్చు, పార్టీ మారొచ్చు. పుట్టుక మార్చుకోలేరు కదా. ప్రమాదం లోతు అక్కడ వేరు.

#12 సుధ_77
మీరంతా చట్టాలు చెప్తున్నారు, జనం ఎందుకు వేశారో ఒక్కరూ చెప్పలేదు. అది వదిలేస్తే సగం కథే.

హంగరీలో 2006లో సోషలిస్టు ప్రధాని జుర్చాన్ సొంత పార్టీ మీటింగులో "పొద్దున, రాత్రి, సాయంత్రం అబద్ధాలే చెప్పాం" అన్న టేపు బయటికొచ్చింది. ఆయన దిగలేదు, ఇంకో రెండేళ్లకు పైగా ఉన్నాడు. 2008 ఆర్థిక సంక్షోభంలో హంగరీ కరెన్సీ ఫోరింట్ పడిపోయి, స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి అప్పు తీసుకున్న కుటుంబాల వాయిదాలు ఒక్కసారిగా పెరిగాయి. 2010లో సోషలిస్టులు 19 శాతానికి పడిపోయారు. ఓర్బాన్ ఎంత గెలిచాడో, వీళ్లు అంత ఓడిపోయారు.

పోలండ్‌లో రైట్‌వింగ్ పార్టీ లా అండ్ జస్టిస్ 2016 ఏప్రిల్ నుంచి రెండో బిడ్డ మొదలు నెలకి 500 జ్లోటీలు ఇచ్చింది, 2019 జులై నుంచి ప్రతి బిడ్డకీ. ముందు ప్రభుత్వం 67కి పెంచుతున్న పెన్షన్ వయసును ఆడవాళ్లకి 60, మగవాళ్లకి 65కి తిరిగి దించింది. పాత పార్టీలు "డబ్బుల్లేవు, కుదరదు" అన్నవి వీళ్లు చేసి చూపించారు. ఆ ఓటరుని మూర్ఖుడంటే నేను ఒప్పుకోను. తన ఇంటి లెక్క తను చూసుకున్నాడు.

#13 మిరపకాయ్
సుధ గారి మాటకి నూటికి నూరు మార్కులు. ఈ చర్చలో ఇప్పటిదాకా ఓటరు ఊసే లేదు.

#14 రాజ్యాంగ_పాఠకుడు
ఓటరుని తప్పుపట్టడం లేదు. పిల్లల భత్యం ఇవ్వడానికి కోర్టుని పట్టుకోవక్కర్లేదు, నా బాధ అది. పోలండ్ కథ హంగరీకి భిన్నం, కాబట్టి విడిగా చూడాలి.

2015లో లా అండ్ జస్టిస్‌కి 37.6 శాతం ఓట్లు, 460లో 235 సీట్లు. వామపక్ష కూటమి 7.5 శాతం తెచ్చుకుని కూటములకుండే 8 శాతం గీత దాటలేక సున్నా అయింది. ఆ ఓట్లు గాల్లో కలవడం వల్లే వీళ్లకి ఒంటరి మెజారిటీ. కానీ రాజ్యాంగం మార్చేంత బలం లేదు. అందుకని రాజ్యాంగాన్ని ముట్టుకోకుండా దాన్ని పాటించడం మానేశారు.

దిగిపోతున్న సభ ఐదుగురు రాజ్యాంగ ట్రిబ్యునల్ జడ్జీలను ఎన్నుకుంది. అందులో ఇద్దరి ఖాళీలు ఇంకా రాలేదు, అది వాళ్ల తొందరపాటు. మిగతా ముగ్గురి ఎన్నిక సరైనదే. అధ్యక్షుడు దూదా ఒక్కరికీ ప్రమాణం చేయించలేదు. డిసెంబరు 2న కొత్త సభ వేరే ఐదుగురిని ఎన్నుకుంది, రాత్రికి రాత్రే నలుగురితో ప్రమాణం అయిపోయింది. తెల్లారి ట్రిబ్యునల్ తీర్పు: పాతవాళ్లలో ముగ్గురి ఎన్నిక చెల్లుతుంది. ఎవరూ వినలేదు. 2016 మార్చి తీర్పునైతే ప్రభుత్వం గెజిట్‌లో అచ్చెయ్యడానికే ఒప్పుకోలేదు. అచ్చులో రాకపోతే అమల్లోకి రాదు. తీర్పును కొట్టెయ్యలేదు, ప్రెస్సుకి పంపలేదు, అంతే.

తర్వాత జడ్జీల నియామక మండలి. 25 మందిలో 15 మందిని అంతకుముందు జడ్జీలే ఎన్నుకునేవారు, 2018 నుంచి పార్లమెంటు ఎన్నుకుంటుంది. అదే ఏడాది సుప్రీం కోర్టు రిటైర్మెంటు వయసు 70 నుంచి 65కి దించారు. మళ్లీ అదే వయసు మంత్రం. ప్రధాన న్యాయమూర్తి గెర్స్‌డోర్ఫ్ మాత్రం నా పదవీకాలం రాజ్యాంగంలో ఉందంటూ 2018 జులై 4 పొద్దున మామూలుగా డ్యూటీకి వచ్చారు. యూరోపియన్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాక ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు.

#15 మోడరేటర్
ఒకరినొకరు తిట్టుకున్న పోస్టులు తీసేశాను. చర్చ బావుంది, విషయం మీదే ఉండండి.

#16 తోకచుక్క
ఓడిపోయాక ఒప్పుకోకపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ అన్నీ కాగితాల మీద ఆధారపడతాయి. లెక్కింపు ఎంత చూడగలిగేలా ఉంటే అబద్ధం అంత తొందరగా వీగిపోతుంది.

బ్రెజిల్ చూడండి. పోలింగు మొదలయ్యే ముందు ప్రతి యంత్రం నుంచి అన్ని పేర్ల పక్కనా సున్నా ఉన్న చీటీ తీస్తారు. పోలింగు అయ్యాక అదే యంత్రం ఆ బూత్ ఫలితం అచ్చువేస్తుంది, ఒక ప్రతి బూత్ దగ్గరే అంటిస్తారు. ఎవరైనా ఫోటోలు తీసి కూడుకోవచ్చు. 2022 అక్టోబరు 30న అధ్యక్ష ఎన్నికలో లూలాకి 50.9, అప్పటి అధ్యక్షుడు, రైట్‌వింగ్ నాయకుడు బొల్సొనారోకి 49.1 శాతం, ఫలితం అదే రాత్రి వచ్చింది. పార్లమెంటు దిగువ సభ స్పీకర్, అప్పటిదాకా బొల్సొనారో మిత్రుడే, ఆ రాత్రే ఫలితాన్ని ఒప్పుకున్నాడు. తర్వాత బొల్సొనారో పార్టీ పాత మోడల్ యంత్రాల ఓట్లు రద్దు చెయ్యమని పిటిషన్ వేసింది. రెండో రౌండుకి మాత్రమేనట, అవే యంత్రాలతో మొదటి రౌండులో తమ ఎంపీలు గెలిచారు కాబట్టి ఆ రౌండు జోలికి పోలేదు. దురుద్దేశంతో వేశారని 2.29 కోట్ల రెయాల్ (బ్రెజిల్ కరెన్సీ) జరిమానా పడింది. అయినా 2023 జనవరి 8న బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీం కోర్టు, అధ్యక్ష భవనం మూడింటి మీదా మూక దాడి జరిగింది.

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ధ్రువీకరించే పని చాలాచోట్ల స్థానిక, రాష్ట్ర బోర్డుల చేతిలో ఉంటుంది. 2020 నవంబరు 23న మిషిగన్ రాష్ట్ర బోర్డులో నలుగురు సభ్యులు, ఇద్దరు డెమొక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు. తేడా లక్షన్నర ఓట్లు. అయినా వాయిదా వెయ్యమని ఒత్తిడి. ఒక రిపబ్లికన్ తటస్థంగా ఉండిపోయాడు, రెండో అతను "చట్టం మనకిచ్చిన పని ధ్రువీకరించడమే" అన్న అర్థంలో మాట్లాడి ఓటేశాడు. 3-0. తర్వాత ఆయన్ని ఆ బోర్డుకి పార్టీ మళ్లీ పంపలేదు.

ఆ అనుభవంతో అధ్యక్ష ఓట్లు లెక్కించే 1887 నాటి చట్టాన్ని 2022 డిసెంబరులో సవరించారు. అంతకుముందు ఒక సెనేటరు, ఒక ప్రతినిధి కలిస్తే చాలు, ఒక రాష్ట్రం ఓట్లకి అభ్యంతరం పెట్టొచ్చు. ఇప్పుడు రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యులు కావాలి. ఉపాధ్యక్షుడి పని కవర్లు తెరవడం వరకే అని స్పష్టంగా రాశారు.

#17 మిరపకాయ్
బ్రెజిల్‌ని మెచ్చుకునేటప్పుడు సుప్రీం కోర్టు జడ్జి అలెగ్జాండర్ డి మోరాయిస్ సంగతి కూడా చెప్పాలి. దర్యాప్తు మొదలుపెట్టించేదీ, ఖాతాలు మూయించేదీ, తీర్పులో కూర్చునేదీ ఒకే జడ్జి. 2024 ఆగస్టు 30 నుంచి అక్టోబరు 8 దాకా దేశం మొత్తంలో ఎక్స్ బంద్. ఈ పని ఓర్బాన్ చేసి ఉంటే మీరేమనేవారు?

#18 తోకచుక్క
మిరపకాయ్ గారి అభ్యంతరంలో బలం ఉంది. అంత అధికారం ఒక మనిషి దగ్గర ఉండటం నాకూ నచ్చదు. తేడా అల్లా పెద్ద నిర్ణయాలు బెంచి ముందుకి వెళ్లాయి. 2023 జూన్‌లో బొల్సొనారో 2030 దాకా పోటీ చెయ్యకూడదన్నది ఎన్నికల కోర్టు 5-2 తీర్పు. 2025 సెప్టెంబరులో ఓడినా అధికారం వదలకుండా ఉండేందుకు కుట్ర చేశాడన్న కేసులో శిక్ష, 27 ఏళ్ల 3 నెలలు, 4-1తో. విభేదించిన జడ్జి తన కారణాలన్నీ బహిరంగంగా చదివాడు.

#19 నిలువుటద్దం
జర్మనీ గురించి ఎవరూ ఎత్తలేదు. 2024 సెప్టెంబరు 1న థురింగియా రాష్ట్రంలో రైట్‌వింగ్ పార్టీ ఏఎఫ్‌డీ 32.8 శాతంతో మొదటి స్థానం, 88లో 32 సీట్లు. ప్రభుత్వం రాలేదు, కానీ మూడో వంతు దాటింది. అక్కడ రాజ్యాంగ కోర్టు సభ్యుల్ని, జడ్జీల ఎంపిక కమిటీని ఎన్నుకోవాలంటే మూడింట రెండొంతులు కావాలి. అధికారం లేకుండానే నియామకాలు ఆపొచ్చు.

ఆ సభ మొదటి రోజు, సెప్టెంబరు 26, చూడాల్సిన సంగతి. ఆనవాయితీ ప్రకారం వయసులో పెద్ద సభ్యుడు మొదటి సమావేశం నడుపుతాడు. ఆయన ఏఎఫ్‌డీ. స్పీకర్ పేరు ప్రతిపాదించే హక్కు పెద్ద పార్టీదని నియమావళి. ఆ నియమాన్ని ముందు మారుద్దామని మిగతా పార్టీల్లో సీడీయూ, బీఎస్‌డబ్ల్యూ తీర్మానం పెట్టాయి. ఆయన తీర్మానం తీసుకోడు, కోరం ఉందో లేదో కూడా చూడడు, వాళ్లు లేచి మాట్లాడితే మైకు ఇవ్వడు. గంటల తరబడి ఇదే, సభ మళ్లీ మళ్లీ ఆగింది. చివరికి సీడీయూ వైమార్‌లోని రాష్ట్ర రాజ్యాంగ కోర్టుకి వెళ్లింది. మర్నాడు తీర్పు, 28న సీడీయూ అభ్యర్థి స్పీకర్. పాత సభ ఉండగానే ఆ ఒక్క నియమం మార్చుకుని ఉంటే ఈ మూడు రోజులు ఉండేవి కావు.

కేంద్రం పాఠం నేర్చుకుంది. 2024 డిసెంబరులో సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం వివరాలు, 16 మంది జడ్జీలు, రెండు బెంచీలు, 12 ఏళ్లు, మళ్లీ ఎన్నిక లేదు, ఇవన్నీ రాజ్యాంగంలోకి ఎక్కించారు. ఒక సభ ఎన్నికను అడ్డుకుంటే రెండో సభ ఎన్నుకోవచ్చని కూడా పెట్టారు. జడ్జి ఎన్నికకి కావాల్సిన మూడింట రెండొంతుల నియమం మాత్రం ఇంకా మామూలు చట్టంలోనే ఉంది.

#20 కృష్ణవేణి_ఎం
ఇంత భయపడే బదులు అధికారంలో భాగం ఇస్తే వాళ్లే చల్లబడతారు. ఆస్ట్రియాలో ఫ్రీడం పార్టీ 1999లో 27 శాతం. 2000లో ప్రభుత్వంలోకి తీసుకున్నారు, యూరప్ మొత్తం గగ్గోలు పెట్టింది. 2002 ఎన్నికల్లో 10 శాతానికి పడిపోయింది. నెదర్లాండ్స్‌లో వైల్డర్స్ పార్టీ 2024లో ప్రభుత్వంలో చేరి ఏడాది తిరక్కుండా తనే బయటికెళ్లింది, 2025 అక్టోబరులో 37 సీట్ల నుంచి 26కి దిగింది. పాలించాల్సి వస్తే బండారం బయటపడుతుంది.

#21 పాత_పేపర్
అదే ఫ్రీడం పార్టీ 2024 సెప్టెంబరులో 28.8 శాతంతో మొదటి స్థానానికి వచ్చింది కదండీ. చల్లబడింది కొంతకాలమే.

పైగా ఏ శాఖ ఇస్తారన్నది చూడాలి. 2017లో హోంశాఖ వాళ్లకిచ్చారు, మంత్రి కిక్ల్. 2018 ఫిబ్రవరి 28న వాళ్ల దేశపు గూఢచారి సంస్థ మీదే పోలీసులు దాడి చేసి ఫైళ్లు, హార్డ్‌డిస్కులు పట్టుకెళ్లారు. తీవ్రవాదం మీద పనిచేసే విభాగం కాగితాలు కూడా అందులో పోయాయి. ఆ సోదాల్లో చాలావరకు చట్టవిరుద్ధమని తర్వాత కోర్టు చెప్పింది. ఈలోగా విదేశీ సంస్థలు ఆస్ట్రియాకి సమాచారం ఇవ్వడం తగ్గించేశాయి. 2025 ఫిబ్రవరిలో కిక్ల్‌తో ప్రభుత్వ చర్చలు విఫలమవడానికి ఒక కారణం మళ్లీ హోంశాఖే.

#22 సుధ_77
నెదర్లాండ్స్ ఉదాహరణ రెండో వైపు కూడా చూపిస్తుంది. 2023లో అప్పటి ప్రధాని పార్టీ వీవీడీ కొత్త నాయకురాలు వైల్డర్స్‌తో కలిసే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేదు. అంతకుముందు ఆయనకి ఓటేస్తే వృథా అనుకున్నవాళ్లకి ఇప్పుడు వృథా కాదని తెలిసింది. ఆయనకి 37 సీట్లు, వీవీడీకి 24. తలుపు తెరిచినవాళ్లే నష్టపోయారు.

#23 వేపచెట్టు
చాలా నేర్చుకున్నాను. యూరోపియన్ యూనియన్ ఏం చేసింది మరి? సభ్యదేశాలే కదా.

#24 రాజ్యాంగ_పాఠకుడు
యూనియన్ ఒప్పందంలో ఆర్టికల్ 7 ఉంది, దానికింద ఒక సభ్యదేశానికి యూనియన్‌లో ఉన్న ఓటుహక్కు తీసెయ్యొచ్చు. కానీ ఆ దేశం తప్ప మిగతా అందరూ ఒప్పుకోవాలి. పోలండ్ మీద 2017 డిసెంబరులో, హంగరీ మీద 2018 సెప్టెంబరులో మొదలైంది. ఒకదానికొకటి అడ్డు నిలిచాయి, అక్కడే ఆగింది.

పనిచేసింది డబ్బు. చట్టబద్ధ పాలన లేకపోతే నిధులు ఆపొచ్చనే నిబంధన 2021 నుంచి అమల్లో ఉంది, దానికి ఏకాభిప్రాయం అక్కర్లేదు, అర్హత మెజారిటీ చాలు. 2022 డిసెంబరులో హంగరీకి రావాల్సిన 630 కోట్ల యూరోలు ఆపారు. పోలండ్‌కి జడ్జీల క్రమశిక్షణ విభాగం మూసెయ్యనందుకు 2021 అక్టోబరు నుంచి రోజుకి 10 లక్షల యూరోల జరిమానా. కట్టకపోతే వాళ్లకి పంపే నిధుల్లోంచి కోసుకున్నారు.

#25 వేపచెట్టు
పోలండ్‌లో 2023లో ఓడిపోయారు కదా, అంటే ఓటు ఇంకా పనిచేస్తోందనే గదా అర్థం. ఇప్పుడు అంతా సర్దుకుందా?

#26 పాత_పేపర్
ఓటు పనిచేసింది, 74 శాతం పోలింగుతో. లా అండ్ జస్టిస్‌కి 35 శాతం, మొదటి స్థానమే, కానీ 194 సీట్లు. మూడు ప్రతిపక్ష కూటములకి కలిపి 248. సర్దుకోవడం మాత్రం వేరే సంగతి.

ప్రభుత్వ టీవీనే తీసుకోండి. దాని పెద్దలను మార్చే అధికారం ఉన్న మండలిలో పాతవాళ్లు ఉన్నారు. చట్టం మార్చాలంటే అప్పటి అధ్యక్షుడు దూదా సంతకం కావాల్సి వచ్చింది. అందుకని 2023 డిసెంబరులో సాంస్కృతిక మంత్రి కంపెనీల చట్టం కింద, వాటాదారు హోదాలో బోర్డుల్ని తీసేశాడు. దూదా నిధుల బిల్లు వీటో చేశాక ఆ సంస్థల్ని లిక్విడేషన్‌లో పెట్టాడు. ఫలితం నాకు నచ్చింది, దారి నచ్చలేదు. రేపు ఇంకొకరు ఇదే దారి పడతారు.

#27 మిరపకాయ్
ఇన్ని పోస్టుల్లో మొదటిసారి అవతలివైపు తప్పు ఒప్పుకున్నారు, సంతోషం.

#28 రాజ్యాంగ_పాఠకుడు
అన్నిటికన్నా కష్టమైంది జడ్జీలది. 2018 తర్వాత మార్చిన మండలి ద్వారా వచ్చినవాళ్లు రెండు వేలకు పైనే. వాళ్ల నియామకం చెల్లదంటే వాళ్లిచ్చిన విడాకులు, ఆస్తి పంపకాలు, అప్పుల తీర్పులు ఏమవ్వాలి? 2024 సెప్టెంబరులో అప్పటి న్యాయమంత్రి బొద్నార్ చెప్పిన పథకంలో వాళ్లను మూడు గుంపులు చేశారు. శిక్షణ ముగించుకుని మొదటి పోస్టింగు పొందిన కుర్రవాళ్లు వేరే దారి లేక ఆ మండలి ముందుకి వచ్చారు కాబట్టి అలాగే ఉంటారు. పదోన్నతి పొందినవాళ్లు పాత స్థానానికి తిరిగి వెళ్లాలి. ఆ మార్పుల్లో చురుగ్గా పాల్గొన్నవాళ్లకి క్రమశిక్షణ విచారణ. తీర్పులు మాత్రం మామూలుగా చెల్లుతాయి.

2025 మధ్య దాకా ఆ పథకం కాగితం మీదే ఉంది. అధ్యక్షుడి వీటో దాటాలంటే హాజరైనవాళ్లలో ఐదింట మూడొంతులు, సభ నిండుగా ఉంటే 276 ఓట్లు. కూటమికి ఎన్నికల్లో వచ్చినవి 248. 2025 జూన్ 1న అధ్యక్ష ఎన్నిక రెండో రౌండులో లా అండ్ జస్టిస్ బలపరిచిన నవ్‌రోత్స్కీ 50.9 శాతంతో గెలిచాడు. పదవీకాలం ఐదేళ్లు.